పెళ్లి కార్డుల కంప్యూటర్‌కి తాళం పడింది: 55 రోజుల నా అనుభవం

నవంబరు 14, 2022, సోమవారం. రాత్రి తొమ్మిదిన్నర. విశాఖపట్నం అల్లిపురంలో మా డీటీపీ షాపు షట్టర్ సగం దించేశాను. ఒక్క పని మిగిలింది. గాజువాక పార్టీ వాళ్లు పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఫోటో వాట్సాప్‌లో పంపారు. సైజు చూస్తే 80 కేబీ. దాన్ని పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద వేస్తే ముఖాలు గళ్లు గళ్లుగా వస్తాయి. ఫోటోని పెద్దది చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని విన్నాను. కొనాలంటే ఏడెనిమిది వేలు. వెతికితే ‘ఫుల్ వెర్షన్ ఫ్రీ’ అని ఒకచోట దొరికింది.

డౌన్‌లోడ్ అవుతున్నప్పుడే క్రోమ్ వద్దంది. నేను ‘ఉంచు’ అని నొక్కాను. జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ 1234 అని పక్కనే రాసి ఉంది. ఆ పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో నాకిప్పుడు తెలుసు. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు, అందుకని. లోపల ఒక నోట్‌ప్యాడ్ ఫైలులో నాలుగు మాటలు రాసి పెట్టారు: విండోస్ డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) ఆపండి, సీ డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్‌లో (వెతకొద్దని చెప్పే జాబితాలో) పెట్టండి, ఇంటర్నెట్ తీసెయ్యండి, ఆ తర్వాత సెటప్ నొక్కండి. యాంటీవైరస్‌లు దీన్ని పొరపాటున వైరస్ అనుకుంటాయి, భయపడొద్దు అని కింద ధైర్యం కూడా చెప్పారు. నేను నాలుగూ వరసగా చేశాను. డిఫెండర్ ఆపేటప్పుడు కింద మూల ఎర్ర గుర్తు వచ్చింది. అది ఇప్పటికీ నా కళ్లకి కడుతుంది.

సెటప్ నొక్కితే మౌస్ గుర్తు కాసేపు గుండ్రంగా తిరిగి ఆగిపోయింది. ఏమీ తెరుచుకోలేదు. పదిహేను, ఇరవై నిమిషాలు చూశాను. హార్డ్ డిస్క్ మాత్రం గరగరమంటూ తిరుగుతూనే ఉంది. రీస్టార్ట్ చేస్తే వస్తుందేమో అని చేశాను, వైఫై మళ్లీ కలిపాను. అయినా రాలేదు. ఇంట్లో బాబు పడుకోకుండా నా కోసం చూస్తుంటాడని మానిటర్ ఒక్కటే ఆపి షట్టర్ వేసేశాను. ఈ రీస్టార్ట్ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

మర్నాడు తొమ్మిదింపావుకి షాపులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. “అక్కా, ఫైళ్లన్నీ తెల్లగా అయిపోయాయి. ఏదీ ఓపెన్ అవట్లేదు. పేర్ల చివర ఏవో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.”

నాకు మొదట పెద్ద భయం వెయ్యలేదు. మా పనిలో వైరస్ అంటే పెన్‌డ్రైవ్ వైరస్. కస్టమర్లు జిరాక్స్ షాపుల్లోనూ, కాలేజీ ల్యాబుల్లోనూ తిప్పిన పెన్‌డ్రైవ్‌లు తెస్తారు. గుచ్చగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తాయి. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాచేసి ఉంటాయి అంతే. నల్ల తెర తెరిచి అట్రిబ్ కమాండ్ కొడితే బయటికొస్తాయి. పదేళ్లలో అలాంటివి వందసార్లు చేసుంటాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఆ ధీమాతోనే రెండో తప్పు చేశాను. బీరువాలో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంది. కరోనాకి ముందు, 2019 డిసెంబరులో, అప్పటిదాకా చేసిన పనంతా అందులో కాపీ చేసి పెట్టాను. సరే, పాతవి అందులోంచి తెచ్చుకుందాం అని దాన్ని తెచ్చి ఆ కంప్యూటర్‌కే గుచ్చాను. ఫోల్డర్లు వచ్చాయి. 2014 తెరిచాను. కార్డులన్నీ చిన్న చిన్న బొమ్మలుగా కనిపించాయి. వినాయకుడు, కలశం, అరటిచెట్లు. హమ్మయ్య అనుకున్నాను. అమ్మాయి టీ తెచ్చింది. రెండు గుక్కలు తాగానో లేదో పైవరసలో మొదటి వినాయకుడు తెల్ల కాగితం అయిపోయాడు. పక్కది, దాని పక్కది. డిస్క్ మీద నీలం లైటు టపటపా కొట్టుకుంటోంది. నా కళ్ల ముందే ఒక్కో పెళ్లి మాయమైపోతుంటే ఏం జరుగుతోందో తెలియడానికి నాకు నిమిషం పైనే పట్టింది. అప్పుడు వైరు పట్టుకుని లాగేశాను. చేతులు వణికాయి. తర్వాత చూస్తే 2014, 2015, 2016 ఫోల్డర్లు పోయాయి. 2017 నుంచి 2019 దాకా మిగిలాయి.

ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అనే చిన్న ఫైలు కొత్తగా చేరింది. తెరిస్తే ఇంగ్లీషులో ఉత్తరం. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, చెవి మా దగ్గర ఉంది, ధర 980 డాలర్లు, 72 గంటల్లో మాట్లాడితే సగం ధర 490 డాలర్లు. నమ్మకం కోసం ఒక ఫైలు పంపితే ఉచితంగా తెరిచి చూపిస్తారట. ఆ రోజు లెక్కన 980 డాలర్లంటే 80 వేలు, 490 అంటే 40 వేలు. మా షాపు అద్దె నెలకి తొమ్మిది వేలు.

డిఫెండర్‌తో స్కాన్ పెట్టాను. ‘ఏ ప్రమాదమూ లేదు’ అంది. ఎందుకంటే ముందు రాత్రి సీ డ్రైవ్‌ని వెతకొద్దని నేనే చెప్పాను కదా, ఆ మాట అది వింటూనే ఉంది. డిఫెండర్‌ని ఆపితే కాసేపటికో, రీస్టార్ట్ అయ్యాకో అది తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. ఎక్స్‌క్లూజన్ అలా కాదు, మనం వెళ్లి తీసేసేదాకా ఉండిపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా గేమ్ కోసమో, క్రాక్ కోసమో ఎక్స్‌క్లూజన్ పెట్టి ఉంటే ఇవాళే వెళ్లి ఆ జాబితా చూసుకోండి.

యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుద్దామంటే ఒక్కటీ రాలేదు. యూట్యూబ్ వస్తోంది, ఈనాడు వస్తోంది, అవి మాత్రం రావు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడికి అప్పుడు ఫోన్ చేశాను. వాడు ముందు అన్న మాట: “నెట్ వైరు పీకెయ్ అక్కా. ఆ కంప్యూటర్‌కి ఇంకేమీ గుచ్చకు. దేన్నీ డిలీట్ చెయ్యకు. నేను వీడియో కాల్ చేస్తా.”

వీడియో కాల్‌లో వాడు నా చేత రెండు చోట్లు తెరిపించాడు. ఒకటి హోస్ట్స్ ఫైలు, అంటే ఏ సైట్ అడిగితే ఎక్కడికి వెళ్లాలో కంప్యూటర్ ముందుగా చూసుకునే జాబితా. మామూలుగా అందులో పనికొచ్చే లైన్లేమీ ఉండవట. మాదాంట్లో యాంటీవైరస్ సైట్ల పేర్లు పేజీలకు పేజీలు ఉన్నాయి. వాటిని అడిగితే ఎక్కడికీ వెళ్లకుండా తిప్పి పంపేస్తుంది. ఇల్లు దోచేవాడు ముందు పోలీస్ స్టేషన్‌కి దారి మూసేసినట్టు. రెండోది టాస్క్ షెడ్యూలర్, టైము ప్రకారం పనులు నడిపించేది. అందులో ‘టైమ్ ట్రిగ్గర్ టాస్క్’ అని ఒక పని పెట్టి ఉంది. ప్రతి ఐదు నిమిషాలకి లేచి కొత్తగా తాళం వెయ్యాల్సిన ఫైళ్లు ఏమైనా వచ్చాయా అని చూసుకుంటుంది. నా హార్డ్ డిస్క్‌ని పట్టుకున్నది అదే.

“ఇది నువ్వనుకునే వైరస్ కాదక్కా” అని తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు. మనం అన్నిటినీ వైరస్ అంటాం గానీ, నిజానికి వైరస్ అంటే వేరే ఫైళ్లకి అంటుకుని తనను తాను పెంచుకునేది. ఇది ట్రోజన్, మనమే తలుపు తీసి లోపలికి పిలిచిన మనిషి లాంటిది. లోపలికొచ్చి చేసిన పని తాళం వేసి డబ్బు అడగడం కాబట్టి రాన్సమ్‌వేర్. రెండు రకాల బాధలు వేరని నాకు ఆ రోజు అర్థమైంది. వైరస్‌ని చంపడం ఒక పని. తాళం తియ్యడం ఇంకో పని. ఎంత మంచి యాంటీవైరస్ అయినా మొదటిదే చేస్తుంది. స్కాన్ అవ్వగానే ఫైళ్లు తెరుచుకుంటాయని నేను ఆశపడ్డాను. తెరుచుకోవు.

సాయంత్రం మా మరిది ల్యాప్‌టాప్ తెచ్చాడు. కొత్త పెన్‌డ్రైవ్ 380 రూపాయలు. దాన్లోకి రెండు ఉచిత టూల్స్ దించాం: కాస్పర్‌స్కీ వైరస్ రిమూవల్ టూల్, మాల్వేర్‌బైట్స్. కాస్పర్‌స్కీది ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, నొక్కితే చాలు, పని అయ్యాక తీసేసుకోవచ్చు. డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్ తీసేశాక దానికీ ఒక అవకాశం ఇచ్చాం. ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒకటుంది, విండోస్ పైకి లేవకముందే వెతుకుతుంది. అది పావుగంటలో అయిపోయింది. మాల్వేర్‌బైట్స్‌కి అరగంట పట్టింది. కాస్పర్‌స్కీకి మూడు గంటల పైన. రాత్రి ఒంటిగంట దాకా షాపులోనే కూర్చున్నాం, మా ఆయన టిఫిన్ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నారు.

ఈసారి డిఫెండర్ దాన్ని పేరుపెట్టి పట్టుకుంది, స్టాప్‌క్రిప్ట్ అని. అంటే ముందు రాత్రి నేను నోరు నొక్కకపోయి ఉంటే అప్పుడే పట్టుకునేదేమో. ఉచితంగా విండోస్‌తో వచ్చిందే కదా, దానికేం తెలుస్తుందిలే అన్న చులకన నాకు చాలా ఏళ్ల నుంచి ఉంది. తర్వాత ఆ సెటప్ ఫైలుని వైరస్‌టోటల్‌లో వేసి చూశాం. అది ఒకే ఫైలుని 70 దాకా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది, 2012 నుంచి గూగుల్ చేతిలో ఉంది. వాటిలో యాభైకి పైగా ప్రమాదం అన్నాయి. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌ని అలాగే వేస్తే ఒక్కటీ నోరు విప్పలేదు. ఒక జాగ్రత్త: అక్కడ వేసిన ఫైలుని భద్రతా కంపెనీలు కూడా చూడగలవు. కస్టమర్ల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు అందులో వెయ్యకండి.

నవంబరు 16. పొద్దున్నే ద్వారకానగర్ వెళ్లాను. అక్కడ ఒక కంప్యూటర్ షాపులో చూసి, “తీసేస్తాం మేడమ్, మూడు రోజులు, 18 వేలు, సగం అడ్వాన్స్” అన్నారు. ఎలా తీస్తారు అని అడిగితే మా దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంది అన్నారు. తొమ్మిది వేలు బ్యాగులోనే ఉన్నాయి, ఇచ్చేద్దామనే అనుకున్నాను. బయటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు, “వాళ్లకి ఏ ఫైలైనా ఒకటి తెరిచి చూపించమను” అన్నాడు. మళ్లీ లోపలికెళ్లి అడిగాను. ముందు డబ్బు కట్టాలి అన్నారు. వచ్చేశాను. యూట్యూబ్‌లో ‘ఈ వైరస్‌కి డిక్రిప్టర్’ (అంటే తాళం తీసే సాఫ్ట్‌వేర్) అని లింకులు పెట్టే వీడియోలూ చాలా కనిపించాయి. అవీ వద్దన్నాడు. 2020లో సరిగ్గా ఈ రకం వైరస్‌కే మందు అని చెప్పి ఒక దొంగ డిక్రిప్టర్ వచ్చిందట, దాన్ని నడిపితే తాళం మీద ఇంకో తాళం వేసేది.

అసలైన దారి ఉచితమే. నో మోర్ రాన్సమ్ అనే సైట్ ఉంది. 2016 జులైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి మొదలుపెట్టారు. రీడ్‌మీ ఉత్తరం, తాళం పడిన ఒక ఫైలు ఇస్తే ఏ రకమో చెబుతుంది. ఐడీ రాన్సమ్‌వేర్ అనే ఇంకో సైట్‌లో కూడా చూశాం. రెండూ ఒకటే చెప్పాయి: స్టాప్ జేవూ. డిఫెండర్ స్టాప్‌క్రిప్ట్ అన్నది దీన్నే. దీనికి ఎమ్సీసాఫ్ట్ అనే న్యూజిలాండ్ కంపెనీ 2019 అక్టోబరులో ఉచిత డిక్రిప్టర్ ఇచ్చింది. ఇది చూడగానే ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే దించి పెట్టాం.

ఐదు నిమిషాల్లో ఆ సంతోషం సగం పోయింది. కొన్ని ఫైళ్లకి ‘ఇది ఆన్‌లైన్ ఐడీ, తెరవడం సాధ్యం కాదు’ అంది. మరికొన్నిటికి ‘ఇది ఆఫ్‌లైన్ ఐడీ, చెవి ఇంకా మా దగ్గర లేదు, ముందు ముందు దొరకొచ్చు’ అంది. ఒకే కంప్యూటర్‌లో రెండు రకాలెందుకు? తమ్ముడు సీ డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డర్, దాన్లో పర్సనల్‌ఐడీ అనే ఫైలు తెరిపించాడు. రెండు పొడుగాటి లైన్లు ఉన్నాయి. ఒకదాని చివర టీ1 అని ఉంది. “నెట్ తీసేసి నడిపావా?” అని అడిగాడు.

అప్పుడు చెప్పాడు. ఈ వైరస్ పని మొదలుపెట్టేటప్పుడు వాళ్ల సర్వర్‌ని అడిగి నా ఒక్క కంప్యూటర్ కోసం ఒక తాళం తెచ్చుకుంటుంది. దాని చెవి వాళ్ల దగ్గర తప్ప ఈ లోకంలో ఎక్కడా ఉండదు. నెట్ దొరక్కపోతే మాత్రం తన జేబులో ఉన్న తాళం వాడుతుంది. అది అదే రకం వైరస్ పట్టి, నెట్ అందని వాళ్లందరికీ ఒకటే తాళం. ఎక్కడో ఎవరో ఒకరు డబ్బు కట్టి ఆ చెవి తెచ్చుకుని ఎమ్సీసాఫ్ట్ వాళ్లకి ఇస్తే, అందరి తాళాలూ తెరుచుకుంటాయి. నేను నెట్ తీసి సెటప్ నొక్కిన ఆ ఇరవై నిమిషాల్లో పడినవి జేబు తాళాలు. డీ డ్రైవ్‌లో చాలా వరకు అవే. రీస్టార్ట్ చేసి వైఫై కలిపాక మిగిలిన డీ, మొత్తం ‘ఈ’ (E) డ్రైవ్, మర్నాటి హార్డ్ డిస్క్, అన్నీ రెండో తాళం కిందికి వెళ్లాయి. ‘ఈ’ డ్రైవ్‌లో మా ఇంటి ఫోటోలున్నాయి. బాబు అన్నప్రాశన, మా మామగారి చివరి సంక్రాంతి.

ఆ మధ్యాహ్నమే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. అరగంట పట్టింది, నంబరు వచ్చింది. 1930 అనే ఫోన్ నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకి, మాలాంటి వాటికి పోర్టల్‌లోనే పెట్టుకోవాలి. రీడ్‌మీ ఉత్తరం స్క్రీన్‌షాట్ ముందే తీసి ఉంచుకుంటే పని త్వరగా అవుతుంది.

17వ తారీఖు రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాటితో 72 గంటలు అయిపోతాయి. మా మరిది మెల్లగా, “వదినా, 40 వేలే కదా, ఇచ్చేస్తే పోదా” అన్నాడు. ఆ మాట నేనూ లోపల అనుకుంటున్నదే. ఇంట్లో గాజులు రెండు కుదువ పెడితే వస్తాయి. ఒక ఫైలు పంపించి చూద్దామా అని ఈమెయిల్ సగం టైప్ చేశాను కూడా. మా ఆయన ఒక్కటే అడిగారు, “డబ్బు తీసుకుని చెవి ఇవ్వకపోతే ఎవర్ని అడుగుతావ్?” నా దగ్గర జవాబు లేదు. ఆ ఈమెయిల్ పంపలేదు. పంపినవాళ్లని నేను తప్పు పట్టను. ఆ రాత్రి నేను ఎంత దూరం వెళ్లానో నాకు తెలుసు. పైగా రేపు నా తాళం తెరుచుకోవాలంటే ఎవరో ఒకరు కట్టి ఉండాలి అన్న మాట మనసులో ముల్లులా ఉంది.

18న ఇంకో దెబ్బ. షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మేము పెట్టని ఏదో క్రిప్టో ప్రకటన కనిపించింది. ఈ రకం వైరస్‌తో పాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించేది కూడా తరచుగా వస్తుందట. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోయినట్టే అనుకోవాలి. ఫోన్‌లోంచి జీమెయిల్, బ్యాంకు, ఇన్‌స్టా అన్నీ మార్చాను. ఒక్క పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు, ‘అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్’ కూడా నొక్కాలి. నేను ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. మూడు రోజులు ఫైళ్ల ధ్యాసలోనే ఉండిపోయాను. వైరస్ పట్టిన కంప్యూటర్ నుంచి మాత్రం ఏ పాస్‌వర్డ్‌నీ మార్చకండి.

19, 20 తేదీల్లో తాళం పడిన ఫైళ్లన్నీ, ఆ పర్సనల్‌ఐడీ ఫైలుతో సహా, కొత్తగా కొన్న ఒక టీబీ డిస్క్‌లోకి తీసి పెట్టాం. 4,200 రూపాయలు. సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశాం. విండోస్‌కి గంట పట్టింది. అను ఫాంట్స్, ప్రింటర్ డ్రైవర్లు, కోరల్ డ్రా సెట్టింగులు సర్దుకునేసరికి రోజున్నర పోయింది.

ఈలోపు డిసెంబరు ముహూర్తాల కార్డులు నెత్తి మీద ఉన్నాయి. ప్రూఫ్ ఓకే అయి ప్రింటుకి వెళ్లాల్సినవి పదకొండు. అందరికీ ఫోన్లు చేసి జరిగింది చెప్పాను. పెందుర్తి పెద్దాయన ఒకరు, “ఏటమ్మా, ముహూర్తం నీ కంప్యూటర్ కోసం ఆగుద్దా?” అని కోప్పడి, గంటకి మనవణ్ణి పంపించి పాత ప్రూఫ్ కాగితం ఇప్పించారు. దాన్ని చూసి మళ్లీ టైప్ చేశాం. మూడు పార్టీలు వేరేచోటికి వెళ్లిపోయాయి, అడ్వాన్స్‌లు 6,500 వెనక్కిచ్చాను. మిగతావి మేము నమ్మని చోట్ల దొరికాయి. వాట్సాప్ వెబ్‌లో పంపిన పీడీఎఫ్‌లు, జీమెయిల్ సెంట్ ఫోల్డర్, అన్నిటికంటే ఎక్కువగా మేము ప్లేట్లు వేయించే ఆఫ్‌సెట్ ప్రెస్. వాళ్ల కంప్యూటర్‌లో రెండేళ్ల మా ఫైళ్లు చెరపకుండా ఉన్నాయి. ఆ ప్రెస్‌లో పనిచేసే అన్నయ్య పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, “నీవే కదమ్మా, తీసుకెళ్లు” అన్నప్పుడు నోట మాట రాలేదు.

గాజువాక పార్టీ ఫోటో సంగతి కూడా చెప్పాలి. 15వ తారీఖునే వాళ్లకి ఫోన్ చేసి, ఫోటోని వాట్సాప్‌లో ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపమన్నాను. రెండు నిమిషాల్లో 6 ఎంబీ ఫోటో వచ్చింది. ఫ్లెక్సీ మీద కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకపోయింది.

జిప్ ఫైళ్లు ఇంకో ఆశ్చర్యం. 2014 నుంచి 2016 పనిని డీ డ్రైవ్‌లో జాగా కోసం నెలకొకటి చొప్పున జిప్ చేసి ఉంచాను. ఈ వైరస్ తొందరలో ఉంటుంది, ఫైలు మొత్తానికి కాదు, మొదటి 150 కేబీకే తాళం వేస్తుంది. చిన్న కార్డు ఫైలుకి అదే ప్రాణం. కానీ 700 ఎంబీ జిప్‌కి 150 కేబీ అంటే గుమ్మం దగ్గర ఒక్క పలక పగిలినట్టు. ఆ నాలుగు అక్షరాలు తీసేసి, విన్‌రార్‌లో ‘రిపేర్’ నొక్కితే ‘రీబిల్ట్’ అనే పేరుతో కొత్త జిప్ వచ్చింది. మొదట్లో ఉన్న ఒకటి రెండు ఫైళ్లు పోయాయి, మిగతావన్నీ తెరుచుకున్నాయి. టీ తాగుతూ కళ్ల ముందు పోగొట్టుకున్న వినాయకుళ్లు నవంబరు 27 రాత్రి ఇలా తిరిగొచ్చారు. అసలు ఫైలు మీద కాకుండా కాపీ తీసుకుని ఈ ప్రయత్నం చెయ్యండి.

డిసెంబరు అంతా ఎదురుచూడటమే. ప్రతి ఆదివారం డిక్రిప్టర్ పెట్టేదాన్ని. దానికి నెట్ ఉండాలి, చెవి వచ్చిందా అని వాళ్ల సర్వర్‌ని అడుగుతుంది కాబట్టి. ఆరు ఆదివారాలు అదే జవాబు. ‘ముందు ముందు దొరకొచ్చు.’ ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు చదివానో. షాపు అమ్మాయి సోమవారం రాగానే, “వచ్చిందా అక్కా?” అని అడిగేది. తర్వాత్తర్వాత అడగడం మానేసి నా ముఖం చూసేది.

జనవరి 8, ఆదివారం. సంక్రాంతికి అరిసెల పాకం పట్టి షాపుకి వెళ్లాను. డిక్రిప్టర్ పెట్టి, డీ ఫోల్డర్ చూపించి, స్టార్ట్ నొక్కి, టేబుల్ తుడుచుకుంటున్నాను. తెర మీద లైన్లు పరిగెడుతున్నాయి. ఎప్పుడూ అలా పరిగెట్టలేదు. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి లైన్ చివర ‘డిక్రిప్టెడ్’. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. తమ్ముడికి ఫోన్ చేస్తే మాట రాలేదు, వాడే, “వచ్చిందా?” అన్నాడు. మొత్తం అవ్వడానికి ఐదు గంటలు. మధ్యలో ఒకసారి డిస్క్ నిండిపోయి ఆగింది. అది తాళం పడిన ఫైలుని తియ్యకుండా పక్కనే తెరిచిన కాపీ పెడుతుంది, అంటే రెట్టింపు జాగా కావాలి. ముందే చూసుకోండి. తాళం పడిన ఫైలుని ఉంచే ఆప్షన్ తీసేసి జాగా మిగుల్చుకుందామని మాత్రం చూడకండి.

2020 నుంచి చేసిన పనిలో మూడొంతుల్లో రెండొంతులు తిరిగొచ్చింది. ‘ఈ’ డ్రైవ్ రాలేదు.

డబ్బు లెక్క: డిస్క్, పెన్‌డ్రైవ్ 4,580, వెనక్కిచ్చిన అడ్వాన్స్‌లు 6,500, అమ్మాయికి రాత్రుళ్లు ఉన్నందుకు 3,000, ఆ రెండు వారాల్లో వదులుకున్న పని ఓ పాతిక వేలు. టూల్స్‌కి ఒక్క రూపాయి అవ్వలేదు.

ఇప్పుడు షాపులో డిఫెండర్ తప్ప వేరే యాంటీవైరస్ లేదు. రెండోది ఇన్‌స్టాల్ చేస్తే డిఫెండర్ తనే పక్కకి తప్పుకుంటుంది, రెండు కాపలాలు ఉంటాయనుకోవడం పొరపాటు. నెలకోసారి మాల్వేర్‌బైట్స్‌తో ఒకసారి వెతికిస్తాను. మొదట్లో ప్రీమియం అని 14 రోజులు నడిచి తర్వాత ఉచితానికి వచ్చేస్తుంది, డబ్బు కట్టమని అడిగినా కంగారు పడక్కర్లేదు. డిఫెండర్‌లోనే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అని ఒకటుంది, దాన్ని మనమే వెతికి ఆన్ చెయ్యాలి. మైక్రోసాఫ్ట్ నమ్మిన ప్రోగ్రామ్‌లు, మనం ఒప్పుకున్నవి తప్ప ఇంకేవీ ఆ ఫోల్డర్లలో ఫైళ్లని మార్చలేవు. ఆన్ చేసిన మొదటి రోజే కోరల్ డ్రా సేవ్ అవ్వనని మొరాయించింది. ఒప్పుకున్న జాబితాలో దాని పేరు చేర్చాక ఏ ఇబ్బందీ లేదు. షాపులో ఉన్న ఇంకో చిన్న కంప్యూటర్ మీద సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లోని ఉచిత టూల్ నడిపాం. అది కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లది. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు ఇప్పుడు ఆ కంప్యూటర్‌కే, దానికి పెద్దదానితో వైరు సంబంధం లేదు.

బ్యాకప్ శనివారం సాయంత్రం. డిస్క్ గుచ్చడం, కాపీ అవ్వడం, పీకి బీరువాలో పెట్టడం. పీకేదాకా షట్టర్ వెయ్యం.

‘ఈ’ డ్రైవ్ కాపీ ఉన్న డిస్క్ మాత్రం వేరే అరలో ఉంది. మీద తెల్ల టేపు అంటించి పర్సనల్‌ఐడీ నంబరు పెన్నుతో రాశాను. సంక్రాంతికి అనకాపల్లి వెళ్తే మా అత్తగారి చెల్లెలు తన పాత ఫోన్ వెతికి అన్నప్రాశన ఫోటోలు పద్నాలుగు పంపారు. డాక్యుమెంట్‌లా పంపమని నేను చెప్పకముందే పంపేశారు, చిన్న సైజులో వచ్చాయి. మళ్లీ పంపమని అడిగాను. మామగారిది ఒక్కటి దొరికింది, పక్కకి తిరిగి భోగి మంట వైపు చూస్తున్నది.